మహమ్మారి వేళ పిల్లలపై ఆన్‌లైన్ లైంగిక దోపిడీ: గుర్తించడం నుంచి కోర్టు దాకా సమగ్ర మార్గదర్శి

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా పేర్కొంది. కొద్ది వారాల్లోనే ప్రపంచవ్యాప్తంగా 150 కోట్ల మందికి పైగా విద్యార్థులకు బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోన్లలోకి, కంప్యూటర్లలోకి మారాయి. ఈ మార్పులో చాలామంది గమనించని నష్టం ఒకటుంది. పిల్లల ముఖం చూసి ఏదో జరిగిందని పసిగట్టే టీచరు, అనుమానం వచ్చి నాలుగు ప్రశ్నలు అడిగే డాక్టరు, అప్పుడప్పుడూ వచ్చిపోయే బంధువు... పిల్లల కష్టం చట్టం చెవిన పడే దారులన్నీ ఒక్కసారిగా మూసుకుపోయాయి. అపరిచితులు పిల్లలను చేరే దారి మాత్రం బార్లా తెరుచుకుంది.

దోపిడీకి గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే జాతీయ కేంద్రం ఎన్‌సీఎంఈసీకి 2019లో 1.69 కోట్ల ఫిర్యాదులు అందితే, 2020లో 2.17 కోట్లు, 2021లో 2.93 కోట్లు అందాయి. పిల్లలను మాటలతో లోబరచుకునే ప్రయత్నాలపై వచ్చినవి 2019లో 19,174 కాగా, 2020లో 37,872కు చేరాయి. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. వీటిలో అధిక భాగం కంపెనీల యంత్రాలు పట్టుకుని పంపినవి. ఒకే చిత్రం వందల సార్లు పట్టుబడవచ్చు. అసలు ఎవరి కంటా పడని నేరాలు ఈ లెక్కలో ఉండవు.

ఇలాంటి కేసుల్లో మహమ్మారి తెచ్చిపెట్టిన అసలు చిక్కు కాలానికి సంబంధించినది. న్యాయప్రక్రియకు గడువు పొడిగించడం కోర్టుల చేతిలో పని. భారత సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా గడిచిన కాలాన్ని, కేసులు, అప్పీళ్లు వేయడానికి చట్టం పెట్టిన కాలపరిమితి లెక్కలోంచి మినహాయించింది. కానీ ఏదో ఒక సర్వర్‌లో తనంతట తానే చెరిగిపోయే సమాచారానికి ఆ ఉత్తర్వు వర్తించదు. కోర్టు తెరుచుకునేసరికి కేసు బతికే ఉంటుంది, ఆధారం ఉండదు. అందుకే ఇలాంటి రోజుల్లో సంగతి మొదట ఎవరి కంట పడుతుందో, వారు మొదటి ఒకటి రెండు రోజుల్లో చేసే పనుల మీదే కేసు చాలావరకు ఆధారపడుతుంది. తల్లిదండ్రులు, టీచర్లు, బాలల సంక్షేమ కార్యకర్తలు, కొత్తగా ఇలాంటి కేసు చేపట్టే న్యాయవాదులు ఈ వరుసను అనుసరించవచ్చు. శిక్షలు, సెక్షన్లు దేశాన్ని బట్టి మారినా పని జరగాల్సిన క్రమం పెద్దగా మారదు.

మొదటి అడుగు: ముందు బిడ్డ, తర్వాతే ఫోను

మీకు తెలిసిన వెంటనే తేల్చుకోవాల్సింది ఒక్కటే: హాని చేస్తున్న వ్యక్తి బయట ఉన్నాడా, అదే ఇంట్లో ఉన్నాడా? లాక్‌డౌన్‌లో ఈ ప్రశ్న ప్రాణంతో సమానం. ఇంట్లోవారే చిత్రాలు తీసి పంపుతున్న సందర్భాల్లో బిడ్డకు బయటికి వెళ్లే వీలుండదు, మాట్లాడే చాటు కూడా ఉండదు. మీరు టీచరో పొరుగువారో అయితే, ఫోనులో మాట్లాడేటప్పుడు "పక్కన ఎవరైనా ఉన్నారా? నేను అడిగేవాటికి అవును, కాదు అంటే చాలు" అని మొదలుపెట్టండి. ఆన్‌లైన్ తరగతి రికార్డవుతుంటే అందులో ఈ ప్రస్తావన తేకండి. ఇంట్లోవారి మీద అనుమానం ఉంటే వారిని మీరు నేరుగా నిలదీయవద్దు. ఆ క్షణం నుంచి ఫోను మాయమవుతుంది, బిడ్డ నోరు మూతపడుతుంది. పోలీసులకో బాలల సహాయవాణికో ముందుగా చెప్పి, బిడ్డను సురక్షితంగా బయటికి తెచ్చే ఏర్పాటు వారితో మాట్లాడుకోవాలి.

నేరస్థుడు బయటివాడైతే, బిడ్డతో మొదట అనాల్సిన మాటలు ఇవి: "చెప్పి మంచి పని చేశావు. ఇందులో నీ తప్పు లేదు. ఇప్పుడు ఏం చేయాలో ఇద్దరం కలిసి చూద్దాం." కోపంతో ఫోను లాక్కుంటే, చెప్పాల్సిన మిగతా సగం బిడ్డ కడుపులోనే ఉండిపోతుంది. చిత్రాలు బయటపెడతానని బెదిరించి డబ్బు అడుగుతుంటే ఒక్క రూపాయి కూడా పంపవద్దు. ఒకసారి ఇస్తే బెదిరింపు ఆగదు, మళ్లీ అడుగుతాడు. ఇలా బెదిరింపులకు గురైన పిల్లలు ప్రాణాలు తీసుకున్న సందర్భాలున్నాయి కాబట్టి ఆ కొన్ని రోజులు బిడ్డను ఒంటరిగా ఉంచకండి.

ఇంకో మాట. ఆరాలు తీయవద్దు. "వాడు నిన్ను ఇలా చేయమన్నాడు కదా?" వంటి ప్రశ్న రేపు కోర్టులో నిందితుడి న్యాయవాదికి ఆయుధమవుతుంది. సాక్ష్యం పెద్దలు నూరిపోసిందని వాదిస్తారు. బయటివారి రాకపోకలు లేని రోజుల్లో ఈ వాదనకు బలం ఎక్కువ, ఎందుకంటే విన్నవారు మీరొక్కరే. "ఏం జరిగిందో చెప్పు" అని అడగండి. చెప్పింది చెప్పినట్లు, బిడ్డ వాడిన మాటల్లోనే, తేదీ, సమయం వేసి రాసి పెట్టండి.

రెండో అడుగు: ఇది ఏ నేరం?

ఫిర్యాదు రాసేముందు ఈ ప్రశ్న ఎందుకంటే, చాలా దేశాల చట్టాలు నేరస్థుడూ బిడ్డా ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడతారన్న ఊహ మీద రాసినవి. పిల్లల రక్షణ కోసం కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2007లో తెచ్చిన లాంజరోటే ఒప్పందమే దీనికి ఉదాహరణ. పిల్లలను మచ్చిక చేసుకుని లోబరచుకోవడాన్ని, అంటే గ్రూమింగ్‌ను, నేరంగా చూడమని దాని 23వ అధికరణం చెబుతుంది. అయితే కలుద్దామని ప్రతిపాదించడం, ఆ కలయిక కోసం ఏదో ఒక పని చేయడం రెండూ ఉండాలంటుంది. రైళ్లు, బస్సులు ఆగిపోయి, గడప దాటే వీలు లేని రోజుల్లో కలుద్దామని ఎవరూ అనరు. నేరం మొత్తం కెమెరా ముందే జరిగిపోతుంది. కలయిక లేకుండా జరిగేదాన్ని కూడా నేరంగా పరిగణించాలని ఆ ఒప్పందం అమలును చూసే కమిటీ 2015లోనే సభ్య దేశాలకు సూచించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2017 ఏప్రిల్ 3 నుంచి పిల్లలకు లైంగిక సందేశం పంపడమే విడి నేరమైంది. అన్ని దేశాలూ అంత దూరం రాలేదు.

కాబట్టి ఫిర్యాదులో "మాయమాటలు చెప్పాడు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. అశ్లీల చిత్రం చూపించాడా, చిత్రం పంపమన్నాడా, పంపింది దాచుకున్నాడా, ఇతరులకు పంపాడా, బెదిరించాడా, డబ్బు అడిగాడా? వీటిలో ప్రతిదీ చాలా దేశాల్లో విడిగా నేరమే. ఒకటి చట్టంలో ఇమడకపోతే ఇంకొకటి ఇముడుతుంది. ఏది ఎప్పుడు జరిగిందో విడివిడిగా రాస్తే, సరైన సెక్షన్ కింద కేసు నమోదు చేయడం దర్యాప్తు అధికారికి తేలికవుతుంది.

లైవ్‌స్ట్రీమింగ్‌లో చిక్కు వేరు. ప్రసారం ముగియగానే దృశ్యం మిగలదు. ఫైలు లేకపోతే ఆధారమే లేదని నిరాశ పడనక్కర్లేదు. ప్రసారంలో ఎవరు ఎంతసేపు చేరి ఉన్నారన్న వివరాలు, ముందూ వెనకా నడిచిన చాటింగ్, డబ్బు చెల్లింపుల రికార్డు మిగులుతాయి. చాలాసార్లు దర్యాప్తు డబ్బు వెళ్లిన దారి పట్టుకునే సాగుతుంది.

బిడ్డ తానుగా తీసుకున్న చిత్రమైతే తల్లిదండ్రులకు ఒక భయం పట్టుకుంటుంది: బిడ్డ మీదే కేసు పెడతారేమోనని. ఆ భయంతో ఫిర్యాదు మానేసినవారు ఉంటారు. పిల్లలు తమంతట తాము తీసుకుని, ఇష్టపూర్వకంగా, కేవలం సొంత వాడకానికి పరిమితం చేసుకున్న చిత్రాలకు వారిని నేరస్థులుగా చూడకూడదని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2021లో తన 25వ సాధారణ వ్యాఖ్యలో స్పష్టం చేసింది. మోసపోయి, బెదిరింపుకు లొంగి పంపిన చిత్రమైతే బిడ్డ బాధితుడే, బాధితురాలే. దేశీయ చట్టం ఈ విషయంలో ఎంత స్పష్టంగా ఉందో ఒక న్యాయవాదిని ముందే అడగడం మంచిది, కానీ ఆ కారణంతో రోజులు గడపవద్దు.

మూడో అడుగు: ఆధారం చెరగకూడదు, మీరు చట్టం దాటకూడదు

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, అదీ మంచి ఉద్దేశంతోనే. ఒక తండ్రి అసహ్యంతో అంతా చెరిపేస్తాడు. ఒక తల్లి రుజువు కోసం ఆ చిత్రాలను తన ఫోనుకు, అక్కడి నుంచి బంధువుకు, టీచరుకు పంపుతుంది. మొదటిది ఆధారాన్ని చంపేస్తుంది. రెండోది చాలా దేశాల చట్టం ప్రకారం ఆ చిత్రాల పంపిణీ కిందికే వస్తుంది, పంపింది తల్లే అయినా సరే. ఇలాంటి దృశ్యాలను తొలగించకుండా, అధికారులకు తెలియజేయకుండా దగ్గర ఉంచుకుంటే, దాని వెనక ఉద్దేశాన్ని ఆ ప్రవర్తన నుంచే అంచనా వేయవచ్చని భారత సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23న ఇచ్చిన తీర్పులో వివరించింది. కనుక పాటించాల్సిన పద్ధతి ఇది: బిడ్డ నగ్నంగా ఉన్న దేనికీ స్క్రీన్‌షాట్ తీయవద్దు, నకలు చేయవద్దు, ఎవరికీ పంపవద్దు. అది ఉన్న ఫోనునే జాగ్రత్త చేసి, వెంటనే పోలీసులకు తెలియజేయండి.

చిత్రం లేని మాటల సంభాషణకు, ప్రొఫైల్ పేజీకి స్క్రీన్‌షాట్ తీయవచ్చు. అయితే పైకి కనిపించే పేరు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పట్టించేది ఖాతా యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింక్, ఫోను నంబరు. సమయం రాసేటప్పుడు అది ఏ దేశపు కాలమానమో కూడా రాయండి. కారణం ఉంది. మొబైల్ నెట్‌వర్క్‌లలో ఒకే ఐపీ అడ్రస్‌ను (ఇంటర్నెట్‌లో ఫోనుకు ఇచ్చే చిరునామా సంఖ్యను) ఒకే సమయంలో వందల మంది వాడుతుండవచ్చు. వారిలో ఒకరిని వేరు చేయాలంటే ఆ కంపెనీ అడిగేది కచ్చితమైన క్షణం. భారత కాలమానానికీ అంతర్జాతీయ ప్రామాణిక కాలమానానికీ (యూటీసీ) ఉన్న అయిదున్నర గంటల తేడా దర్యాప్తును అమాయకుడి ఇంటికి తీసుకెళ్లగలదు.

ఒక నోటుపుస్తకంలో ఇలా రాస్తే చాలు:

తేదీ, సమయం, కాలమానం. ఏ యాప్. ఎదుటి ఖాతా యూజర్‌నేమ్, పూర్తి లింక్.
ఏం అడిగాడు లేదా ఏం పంపాడు: ఒక వాక్యంలో, ఉన్నదున్నట్లు. అశ్లీల చిత్రమైతే "చిత్రం పంపాడు, ఫోనులోనే ఉంది" అని మాత్రమే.
డబ్బు ప్రస్తావన ఉంటే ఎంత, ఏ ఖాతాకు లేదా ఏ నంబరుకు పంపమన్నాడు.
ఈ సంగతి మొదట ఎవరు చూశారు, ఎప్పుడు, ఆ తర్వాత ఫోను ఎవరి దగ్గర ఉంది.

చివరి వరుసను తేలిగ్గా తీసుకోవద్దు. ఫోను ఎవరెవరి చేతులు మారిందో తేలకపోతే అందులోని ఆధారం విలువ పడిపోతుంది.

ఫోనులో యాప్ తీసేయడం, ఖాతా మూసేయడం, ఫ్యాక్టరీ రీసెట్ చేయడం వద్దు. పంపిన సందేశాలను అవతలివాడు తన వైపు నుంచే చెరిపే వీలు చాలా యాప్‌లలో ఉంది. అందుకే అవసరమైనవి నమోదు చేసుకోగానే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, చార్జింగ్ తగ్గకుండా చూడండి. బిడ్డలా నటించి వాడితో మాట కలపడం, వల పన్నడం మీ పని కాదు. వాడు అప్రమత్తమై అన్నీ చెరిపేస్తాడు. మీరు రాయించిన మాటలేవి, వాడు రాసినవేవి అన్న వివాదం కూడా వస్తుంది.

మహమ్మారి రోజుల్లో ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను, దాని మీదే పిల్లలందరి తరగతులు. పోలీసులకు అప్పగిస్తే చదువు ఆగిపోతుందన్న దిగులుతో ఫిర్యాదే మానుకునే కుటుంబాలు ఉంటాయి. దీనికి దారి ఉంది. ఫోనులోని సమాచారం మొత్తానికి ఫోరెన్సిక్ నకలు (దర్యాప్తు కోసం ఉన్నదున్నట్లు తీసే ప్రతి) తీసుకుని ఫోను తిరిగి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వడం దర్యాప్తు అధికారి, కోర్టు విచక్షణకు సంబంధించినది. అడగడం మాత్రం మీ హక్కు. ఫోను ఇచ్చేటప్పుడు దాని ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రాసిన రసీదు తప్పక తీసుకోండి. నకలు తీస్తే దాని హాష్ విలువ (అందులోని సమాచారం నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి సంకేతం) కూడా రాయించుకోండి. నకలులో ఒక్క అక్షరం మారినా హాష్ విలువ మారిపోతుంది కాబట్టి, మధ్యలో ఎవరూ వేలు పెట్టలేదని చెప్పడానికి అదే రుజువు.

నాలుగో అడుగు: ఫిర్యాదు ఎక్కడ?

పోలీసులకు ఆన్‌లైన్ ఫిర్యాదు సదుపాయం ఉంటే అందులో, లేకపోతే ఫోను, ఈమెయిల్ ద్వారా. బాలల సహాయవాణి చాలా దేశాల్లో లాక్‌డౌన్‌లోనూ పనిచేసింది. భారత్‌లో 1098, బ్రిటన్‌లో చైల్డ్‌లైన్ 0800 1111 అలాంటివే. ఇంటర్నెట్‌లోని చిత్రాలపై ఫిర్యాదులు తీసుకునే హాట్‌లైన్‌లను కలిపే ఇన్‌హోప్ సంస్థ 1999 నుంచి ఉంది. దానికి 50కి పైగా దేశాల్లో సభ్యులున్నారు. ఎక్కడ చేసినా ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఎవరు ఎప్పుడు ఏమన్నారో ఆ నోటుపుస్తకంలోనే రాయండి.

యాప్‌లోని రిపోర్ట్ బటన్ నొక్కి ఊరుకోవద్దు. 2020లో కంటెంట్ పరిశీలించే సిబ్బందిని కంపెనీలు ఇళ్లకు పంపాయి. సిబ్బంది తగ్గడం వల్ల ఇన్‌స్టాగ్రామ్‌లో పిల్లల దోపిడీకి సంబంధించిన కంటెంట్‌పై తాము తక్కువ చర్యలు తీసుకున్నామని ఫేస్‌బుక్ ఆ ఏడాది ఆగస్టులో స్వయంగా చెప్పింది. ఇలాంటి దృశ్యాలను మనుషులు ఇళ్లలో కూర్చుని చూసి నిర్ణయించడం సాధ్యం కాదు, సరైనదీ కాదు. కాబట్టి ముందు పోలీసులకు చెప్పండి, ఆ వెంటనే యాప్‌కు. బిడ్డ మీద బెదిరింపు ఆ క్షణంలో నడుస్తుంటే రెండూ ఒకేసారి.

కొన్ని దేశాల్లో టీచర్లు, డాక్టర్లు తెలిసీ చెప్పకపోవడం నేరం. భారత్‌లో పోక్సో చట్టం ప్రకారం సంగతి తెలిసిన వ్యక్తి ఎవరైనా సరే చెప్పి తీరాలి. "ఆన్‌లైన్‌లో చూసినదే కదా" అన్నది దీనికి మినహాయింపు కాదు.

అయిదో అడుగు: భద్రపరచమని అడిగించడం

న్యాయవాదులు సైతం తరచూ మరచిపోయే అడుగు ఇది. సమాచారం ఇవ్వమని కంపెనీని కోరడం వేరు, చెరపకుండా ఉంచమని కోరడం వేరు. మొదటిదానికి వారంటు, కోర్టు ఉత్తర్వు వంటివి కావాలి, కాలం పడుతుంది. రెండోది చాలా చోట్ల దర్యాప్తు అధికారి లేఖతోనే అవుతుంది. 2001 నాటి బుడాపెస్ట్ సైబర్ నేరాల ఒప్పందం 16వ అధికరణం 90 రోజుల దాకా సమాచారాన్ని భద్రపరిచే ఉత్తర్వుకు వీలు కల్పిస్తుంది, దాన్ని పొడిగించవచ్చు. అమెరికా చట్టంలోనూ ప్రభుత్వ సంస్థ కోరితే 90 రోజులు ఉంచాలి, మరో 90 రోజులకు పొడిగించమని కోరవచ్చు. భారత్‌లో 2021 ఐటీ నిబంధనలు, తొలగించిన సమాచారాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలంటాయి.

మామూలు రోజుల్లో 90 రోజులు చాలుతాయి. కోర్టులు సగం పనిచేస్తూ, దర్యాప్తు సిబ్బందిని లాక్‌డౌన్ బందోబస్తుకు మళ్లించిన రోజుల్లో అవి ఎప్పుడు గడిచిపోయాయో కూడా తెలియదు. తాము ఎన్‌సీఎంఈసీకి ఇచ్చిన ఫిర్యాదుల సమాచారాన్ని అమెరికా కంపెనీలు ఉంచాల్సిన కాలాన్ని 90 రోజుల నుంచి ఏడాదికి పెంచిన చట్టం 2024 మేలో వచ్చింది. మహమ్మారి మొదలైన నాలుగేళ్లకు!

ఫిర్యాదు చేసిన రోజే దర్యాప్తు అధికారిని "భద్రపరచమని కంపెనీకి లేఖ వెళ్లిందా? గడువు ఎప్పుడు ముగుస్తుంది?" అని అడగండి. ఆ తేదీకి రెండు వారాల ముందు క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, పొడిగింపు కోరమని రాతపూర్వకంగా గుర్తు చేయండి. ఈ ఒక్క లేఖ వల్ల నిలబడే కేసులుంటాయి.

ఆరో అడుగు: నేరస్థుడు వేరే దేశంలో ఉంటే

స్థానిక పోలీసులు "ఇది మా పరిధి కాదు" అంటే ఒప్పుకోవద్దు. పిల్లల విక్రయం, అశ్లీల చిత్రణలపై ఐక్యరాజ్యసమితి 2000లో ఆమోదించిన ఐచ్ఛిక ఒప్పందం 4వ అధికరణం ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా బాధిత బిడ్డ తమ పౌరురాలైతే అధికార పరిధి తీసుకునే వీలు ఆ దేశానికి ఉంది. దేశీయ చట్టం దాన్ని ఎంతవరకు స్వీకరించిందన్నది చూడాలి. దేశాలు ఒకదానికొకటి సాక్ష్యాధారాలు అందించుకునే పరస్పర న్యాయ సహాయ ఒప్పందాల దారిలో సమాధానం రావడానికి నెలలు పడుతుంది. సంతకాలు, ముద్రలు ఉన్న కాగితాలతో నడిచే ఆ దారి కార్యాలయాలు మూతపడితే ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే బుడాపెస్ట్ ఒప్పంద దేశాల్లో 24 గంటలూ పనిచేసే సంప్రదింపు కేంద్రం ద్వారా భద్రపరచమని ముందుగా అడిగించి, న్యాయ సహాయం అభ్యర్థన తర్వాత పంపడం సరైన వరుస. చిత్రంలోని బిడ్డ ఎవరో, ఏ దేశమో తెలియనప్పుడు ఇంటర్‌పోల్ అంతర్జాతీయ చిత్రాల డేటాబేస్ పనికొస్తుంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2024 డిసెంబరు 24న ఆమోదించిన సైబర్ నేరాల ఒప్పందంలో కూడా పిల్లల లైంగిక దోపిడీ చిత్రాలు, గ్రూమింగ్ నేరాలుగా చేరాయి. అది అమల్లోకి రావాలంటే 40 దేశాలు ధ్రువీకరించాలి.

ఏడో అడుగు: చిత్రాలను తొలగించడం

పోలీసులకు చెప్పిన తర్వాతే ఇది చేయండి. ఎన్‌సీఎంఈసీ నడిపే టేక్ ఇట్ డౌన్ సేవలో చిత్రాన్ని ఎక్కడికీ పంపనక్కర్లేదు. మీ ఫోనులోనే దాని హాష్ తయారై, అది మాత్రమే సేవలో చేరిన కంపెనీలకు వెళుతుంది. ఎవరైనా ఆ చిత్రాన్ని పెట్టబోతే పట్టుబడుతుంది. చిత్రాన్ని కాస్త మారిస్తే గుర్తుపట్టకపోవచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసిన (పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇతరులు చూడలేని) సంభాషణల్లో పనిచేయకపోవచ్చు. ఈ పరిమితులు బిడ్డకు ముందే చెప్పండి. లేనిపోని భరోసా ఇస్తే, చిత్రం మళ్లీ ఎక్కడో కనిపించిన రోజున బిడ్డ ఎవరినీ నమ్మదు.

ఎనిమిదో అడుగు: బిడ్డ వాంగ్మూలం, కోర్టు

వీడియో విచారణ వచ్చాక పిల్లలకు మేలే జరిగిందని చాలామంది అంటారు. నిందితుడికి ఎదురుగా నిలబడాల్సిన అవసరం లేదన్నది నిజమే. కానీ ఇంటి నుంచి మాట్లాడే బిడ్డ వెనక, కెమెరాకు కనిపించని చోట ఎవరున్నారో న్యాయమూర్తికి తెలియదు. ఆ వ్యక్తి నిందితుడి బంధువే కావచ్చు. సాక్ష్యం చెప్పించారన్న ఆరోపణకూ అదే తావిస్తుంది. పైగా కెమెరా ముందు దోపిడీకి గురైన బిడ్డను మళ్లీ కెమెరా ముందే కూర్చోబెడుతున్నాం. ఈ సంగతి న్యాయమూర్తికి చెప్పి తీరాలి.

కాబట్టి ఇంటి నుంచి కాకుండా, కోర్టు ప్రాంగణంలోనో న్యాయసేవల సంస్థ కార్యాలయంలోనో ఒక గదిలో, ఒక సమన్వయకర్త సమక్షంలో వాంగ్మూలం తీసుకోవాలని కోరండి. అక్రమ రవాణా బాధిత పిల్లల సాక్ష్యానికి ఇలాంటి విధానాన్నే అనుసరించాలని భారత సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. అభ్యర్థనలో మరికొన్ని అడగాలి. విచారణ బయటివారికి కనిపించకూడదు. లింకు, పాస్‌వర్డ్ పేరుపేరునా ఇవ్వాలి. రికార్డింగ్ కోర్టు దగ్గరే ఉండాలి. మొదట గదినంతా కెమెరాతో చూపించాలి. తెర మీద బిడ్డ పేరుకు బదులు సంకేతాక్షరం ఉండాలి. ఒక స్క్రీన్‌షాట్‌తో బిడ్డ గుర్తింపు ఊరంతా పాకే ప్రమాదం మామూలు కోర్టు గదిలో లేదు, ఇక్కడ ఉంది.

అడ్డుప్రశ్నలు వేయడం నిందితుడి హక్కు. దాన్ని కాదనే ఏర్పాటు అప్పీలులో నిలవదు. ప్రశ్నలను ముందుగా న్యాయమూర్తికి ఇచ్చి, ఆయనో ఆమెనో బిడ్డకు అర్థమయ్యే మాటల్లో అడిగే పద్ధతి రెండు హక్కులనూ కాపాడుతుంది. బిడ్డను పదేపదే అడగకుండా విచారణల సంఖ్య తగ్గించాలని ఐక్యరాజ్యసమితి 2005 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. వాయిదా పడిన ప్రతిసారీ బిడ్డ జ్ఞాపకం మసకబారుతుంది కనుక, వాంగ్మూలాన్ని మొదట్లోనే రికార్డు చేయించమని కోరడం అన్నిటికంటే ముఖ్యం.

బడులు చేయాల్సినవి

2020 వసంతంలో ఆన్‌లైన్ సమావేశాల్లోకి చొరబడి పిల్లలపై అత్యాచార దృశ్యాలు ప్రసారం చేసిన ఘటనలపై 195కు పైగా ఫిర్యాదులు వచ్చాయని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆ ఏడాది మేలో వెల్లడించింది. అలా జరిగితే టీచరు సమావేశాన్ని వెంటనే ముగించాలి, కానీ లాగ్‌లను చెరపకూడదు. ఎవరెవరు ఏ పేరుతో చేరారన్న జాబితా అందులోనే ఉంటుంది. తరగతి రికార్డింగ్‌లో ఆ దృశ్యం చేరి ఉంటే దాన్ని బడి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, "ఇది చూడండి" అని తల్లిదండ్రులకు పంపడం నేరమవుతుంది. పిల్లలతో టీచర్లు ఏ నంబరు నుంచి, ఏ వేళల్లో మాట్లాడవచ్చో, ఒక్కరితో విడిగా వీడియో కాల్ ఎప్పుడు చేయకూడదో రాతపూర్వక నియమం ఉండాలి. దాని ప్రతి తల్లిదండ్రులకు ముందే అందాలి.

గోప్యతతో వచ్చే ఘర్షణ

2020 డిసెంబరు 21 నుంచి యూరోపియన్ యూనియన్‌లో సమాచార గోప్యత నిబంధనలు మెసేజింగ్ సేవలకు కూడా వర్తించాయి. దాంతో సంభాషణల్లో ఇలాంటి చిత్రాలను యంత్రంతో వెతకడం చట్టబద్ధమేనా అన్న అనుమానం వచ్చి, ఫేస్‌బుక్ అక్కడ ఆ పని ఆపేసింది. తర్వాతి 18 వారాల్లో యూరప్‌కు సంబంధించిన నివేదికలు 58 శాతం పడిపోయాయని ఎన్‌సీఎంఈసీ చెప్పింది. తాత్కాలిక మినహాయింపు చట్టం 2021 జులైలో వచ్చింది. మధ్యలో గడిచిన ఆ నెలల్లో నేరాలు తగ్గాయనుకోవడానికి ఆధారం లేదు, అవి కనిపించడం తగ్గింది.

గోప్యత వద్దనడం నా ఉద్దేశం కాదు. ఇంట్లోనే హింస అనుభవిస్తూ రహస్యంగా సహాయం కోరే బిడ్డకు గోప్యతే రక్ష. ఆ హక్కును బాలల హక్కుల ఒప్పందం 16వ అధికరణం పిల్లలకూ ఇచ్చింది. కానీ ఒక చట్టం అమల్లోకి వచ్చే తేదీకి, దాని మినహాయింపు వచ్చే తేదీకి మధ్య ఖాళీ వదిలేయడాన్ని ఏ హక్కూ సమర్థించదు. అది శాసనకర్తల నిర్లక్ష్యం. దాని భారం మోసింది పిల్లలు.

ఉత్తర్వులు రాసేవారికి

మరో మహమ్మారికి ముందే, తీరిక ఉన్నప్పుడే ఇవి రాసి పెట్టుకోవాలి. బాలల సంక్షేమ కార్యకర్తలు, సహాయవాణి సిబ్బంది, సైబర్ ఫోరెన్సిక్ నిపుణులు అత్యవసర సేవల జాబితాలో పేరుతో సహా ఉండాలి. "తదితర సేవలు" అన్న మాట నాకా దగ్గర పోలీసుకు అర్థం కాదు. అత్యవసర పరిస్థితి ప్రకటించగానే భద్రపరిచే గడువులు వాటంతట అవే పొడిగింపు పొందేలా చట్టంలోనే రాయాలి. కోర్టుల కాలపరిమితిని పొడిగించిన చేత్తోనే కంపెనీల గడువునూ పొడిగించవచ్చు. పిల్లల కేసుల్లో భద్రపరిచే లేఖలను, వారంటు దరఖాస్తులను ఎలక్ట్రానిక్‌గా స్వీకరించే న్యాయమూర్తి ప్రతి జిల్లాలో అందుబాటులో ఉండాలి. దర్యాప్తు అధికారి జబ్బుపడితే ఫైలు ఎవరి చేతికి వెళుతుందో, ఫోరెన్సిక్ నకలు తాళం ఎవరి దగ్గర ఉంటుందో, బాధిత కుటుంబం ఏ నంబరుకు ఫోను చేయాలో ఆ ఉత్తర్వులోనే ఉండాలి.